నేలను నమ్మనివాళ్ల ఆట

వింబుల్డన్ రెండో వారంలో నేను స్కోరు కంటే ముందు గడ్డి చూస్తాను. ఎక్కడ అరిగింది, ఎక్కడ పచ్చగా మిగిలింది అని. ఈ కాలంలో కోర్టు చివరి గీత, అంటే బేస్‌లైన్ వెంబడి రెండు వైపులా మట్టి తేలి ఉంటుంది. అక్కడి నుంచి నెట్ దాకా మాత్రం నిన్ననే మొలిచినంత పచ్చగా ఉంటుంది. ముప్పై ఏళ్ల కిందటి ఫొటో ఏదైనా తీసి దాని పక్కన పెట్టండి. బేస్‌లైన్ మధ్యలో మొదలై, సర్వీస్ గీత దగ్గర వెడల్పై, నెట్ వైపు పాయలుగా చీలిన బాట కనిపిస్తుంది. పశువులు రోజూ చెరువుకు పోయే దారి ఎలా పడుతుందో అలా పడిన బాట. ఇప్పుడు ఆ దారిన పోయేవాళ్లు లేరు కాబట్టి గడ్డి మళ్లీ కమ్మేసింది.

ఆ బాట వేసినవాళ్ల ఆటే సర్వ్ అండ్ వాలీ. సర్వ్ చేసినవాడు బంతి ఎటు పోయిందో నిలబడి చూడడు. దాని వెనకే పరుగెత్తుతాడు. బేస్‌లైన్ నుంచి నెట్‌కు 39 అడుగులు, సర్వీస్ గీత నుంచి నెట్‌కు 21 అడుగులు. అతను సర్వీస్ గీత దగ్గరికి చేరేసరికే అవతలివాడి జవాబు వచ్చేస్తుంది. దాన్ని టప్పా పడనివ్వకుండా గాలిలోనే కొట్టాలి, అదే వాలీ. మొదటి వాలీతో అవతలివాణ్ని పక్కకు లాగి, రెండో దానితో ముగించాలి. లేదా పక్కనుంచి దూసుకుపోయే బంతిని చూస్తూ చేతులు వేలాడేసి వెనక్కి నడవాలి.

మా ఇంట్లో ఉన్నది బ్లాక్ అండ్ వైట్ టీవీ. దూరదర్శన్‌లో వింబుల్డన్ ఫైనల్ చూసేటప్పుడు గడ్డి పచ్చగా ఉంటుందన్నది కూడా ఊహించుకోవలసిందే. 1988, 89, 90... వరసగా మూడేళ్లు ఎడ్బర్గ్, బెకర్‌లదే ఫైనల్. మొదటిదీ మూడోదీ ఎడ్బర్గ్‌వి, మధ్యది బెకర్‌ది. బెకర్ సర్వ్ పిడుగు. ఎడ్బర్గ్ సర్వ్‌లో అంత వేగం ఉండదు. వీపు విల్లులా వంచి, బంతిని కింది నుంచి పైకి రాసినట్టు కొడతాడు. అది నెట్ మీదుగా ఎత్తున పోయి, పడ్డాక అవతలివాడి భుజం దాకా లేస్తుంది. ఆ వేగం తగ్గించుకోవడంలోనే కిటుకు ఉంది. బంతి గాలిలో ఎంతసేపు ఉంటే ఇతనికి ముందుకు రావడానికి అంత సమయం. ఈ సంగతి నాకు టీవీ చూసి అర్థం కాలేదు. నల్గొండలో ఒక రిటైరైన ఓవర్సీర్ గారి చేతిలో రెండేళ్లు ఓడిపోయాక అర్థమైంది. ఆయన దగ్గరికి తర్వాత వస్తాను.

సర్వ్ అండ్ వాలీ ఎందుకు పోయిందని అడిగితే టెన్నిస్ చూసేవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది చెప్పే జవాబు ఒకటే: వింబుల్డన్ వాళ్లు గడ్డి మార్చారు. అది అబద్ధం కాదు. అంతకుముందు 70 శాతం రై గడ్డి, 30 శాతం ఫెస్క్యూ అనే ఇంకో గడ్డి కలిపి నాటేవారు. 2001లో మొత్తం రై గడ్డికే మారారు. వాళ్లు చెప్పిన కారణం వేగం తగ్గించడం కాదు, రెండు వారాల తొక్కుడును తట్టుకునే గడ్డి కావాలని. కారణం ఏదైనా, గట్టిపడిన నేల మీద నిటారుగా నిలిచే ఆ గడ్డిలో బంతి జారిపోవడం తగ్గింది, నడుము దాకా లేవడం మొదలైంది. 2001 ఫైనల్లో ఇవానిసెవిచ్, రాఫ్టర్ ఐదో సెట్ 9-7 దాకా ఒకరి మీద ఒకరు నెట్‌కు దూకుతూనే ఉన్నారు. మరుసటి ఏడాది ఫైనల్ హ్యూయిట్, నల్బాండియన్‌లది. ఇద్దరూ బేస్‌లైన్ వదలలేదు. ఆ ఏడాదే, ఏడుసార్లు అక్కడ గెలిచిన సాంప్రాస్ రెండో రౌండ్‌లో, రెండో నంబరు కోర్టులో, బాస్టల్ అనే ఎవరూ పెద్దగా ఎరగని ఆటగాడి చేతిలో ఓడి ఇంటికి పోయాడు. కథకు ఇంతకంటే మంచి ముగింపు ఎవరు రాస్తారు? అందుకే అందరూ అక్కడే ఆపేస్తారు.

నాకు మాత్రం ఇది శవం దొరికిన చోటునే హత్య జరిగిన చోటు అనుకున్నట్టు అనిపిస్తుంది. గడ్డి కోర్టులో ఆట ఏడాదికి కొద్ది వారాలే. మిగతా నెలలన్నీ వేరే కోర్టుల మీద ఆడేవాళ్లు, ఆ నాలుగు వారాల విత్తనం మారినంత మాత్రాన ఒక ఆటనే మరిచిపోతారా?

ఇక ఓవర్సీర్ గారు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ తవ్వే రోజుల్లో ఉద్యోగంలో చేరిన మనిషి. నేను ఇంటర్ చదివే రోజులకు రిటైరై, తెల్లారి ఐదున్నరకు క్లబ్బు కోర్టుకు వచ్చేవారు. నల్గొండ ఎండల సంగతి తెలిసినవారికి ఆ వేళ ఎందుకో చెప్పనక్కర్లేదు. మేలో ఏడున్నర దాటితే రాకెట్ పిడి చేతిలో నిలవదు. పొట్టి మనిషి, కొంచెం బొజ్జ, తెల్ల నిక్కరు, కాన్వాసు బూట్లు. ఆయన సర్వ్ వేగం చూసి మేం కుర్రాళ్లం చాటుగా నవ్వుకునేవాళ్లం. ఆట మొదలైన పావుగంటకు నవ్వు ఆగేది.

మాది మొరం కోర్టు. ఎర్రమట్టి మీద జల్లెడ పట్టిన మొరం పరిచి, సాయంత్రం నీళ్లు చల్లి, ఇద్దరు మనుషులు ఇనుప రోలర్ లాగితే తెల్లారేసరికి బిగుసుకునేది. కోర్టు చూసుకునే మార్కర్ వచ్చి తాడు పట్టి సున్నంతో గీతలు వేసేవాడు. మొదటి అరగంట అది రాజుగారి కొలువు. తర్వాత ఎవరి అడుగు ఎక్కడ పడితే అక్కడ పెచ్చు లేస్తుంది. సున్నం గీత మీద పడ్డ బంతి సబ్బు మీద పడ్డట్టు జారిపోతుంది. రాయి మీద పడ్డది చెవి పక్కకు లేస్తుంది. రోలర్ సరిగ్గా తిరగని మూల పడ్డది లేవనే లేవదు. మేం వెనక నిలబడి, చేయి మొత్తం వెనక్కి తిప్పి, ఇదిగో వస్తుంది అనుకున్న చోట ఊపేవాళ్లం. బంతి అక్కడ ఉండేది కాదు.

ఆయన ఎప్పుడూ ముందే ఉండేవారు. ఆ మెత్తని సర్వ్ వెనకే చిన్నచిన్న అడుగులతో వచ్చి, మేం బంతిని తాకే క్షణానికి సరిగ్గా ఆగేవారు. రెండు పాదాలూ సమంగా, మోకాళ్లు కాస్త వంగి, రాకెట్ ముఖం ముందు. ఆ ఆగడమే ఆయన విద్య. అక్కడి నుంచి ఎటైనా ఒక్క అడుగు. రాకెట్ ఊపేవారు కూడా కాదు, తలుపు మూసినట్టు అడ్డం పెట్టేవారు. బంతి నెట్‌కు మూరెడు అవతల చచ్చినట్టు పడేది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "సార్, మీరు ప్రతిసారీ ముందుకే ఎందుకు వస్తారు?"

"నీకు ఈ నేల మీద నమ్మకం ఉందా బాబూ?" అన్నారు.

"లేదు సార్."

"మరి బంతిని దాని చేతికి ఎందుకు ఇస్తావు?"

ముప్పై ఏళ్లు కాలువ కట్టల మీద మట్టిని చూసిన మనిషి. ఏ మట్టి నీళ్లకు కుంగుతుందో, ఏది ఎండకు నెర్రెలిస్తుందో చూసి బిల్లు రాసిన మనిషి. నేల మీద నమ్మకం ఆయనకు ఉద్యోగంలోనే పోయింది. నిజానికి మా జిల్లావాళ్లెవరికీ అది ఎక్కువ ఉండదు. ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు వంగినవాళ్లను చూస్తూ పెరిగాం. పటికా సున్నమూ కలిపి నీళ్లలో ఫ్లోరైడు తగ్గించే పద్ధతికి నాగపూర్ శాస్త్రవేత్తలు పెట్టిన పేరే 'నల్గొండ టెక్నిక్'. ప్రపంచంలో మా ఊరి పేరు ప్రసిద్ధి కావడానికి కారణం అదీ. కింది నుంచి వచ్చేది దేన్నయినా ఒకసారి పరీక్షించి కానీ నోట పెట్టం.

ఓవర్సీర్ గారి ఆ మాటను తీసుకెళ్లి టెన్నిస్ చరిత్ర పక్కన పెట్టి చూడండి. 1974 దాకా నాలుగు పెద్ద టోర్నీల్లో మూడు గడ్డి మీదే జరిగేవి. అమెరికా ఓపెన్ 1975లో మట్టికి మారి, 1978లో ఫ్లషింగ్ మెడోస్‌కు పోయి గట్టి కోర్టు అయింది. ఆస్ట్రేలియన్ ఓపెన్ 1987 దాకా గడ్డి మీద ఆడి, మరుసటి ఏడాది కొత్త స్టేడియంలో గట్టి కోర్టుకు మారింది. ఆ పాత గడ్డి టీవీలో కనిపించే తివాచీ కాదు. రెండో వారానికి అక్కడ గుంట, ఇక్కడ గడ్డ. బంతి ఒకసారి మోకాలి కింద జారుతుంది, ఇంకోసారి ఎగిరి మీదికొస్తుంది. అలాంటి నేల మీద వెనక నిలబడి ఆడటం చిట్టీల కంపెనీలో డబ్బు దాచుకోవడం లాంటిది. తెలివైనవాడు బంతిని నేలకు ఇవ్వడు. నెట్ దగ్గరికి పోవడం సాహసం అని కామెంటేటర్లు అంటారు కానీ, ఆ రోజుల్లో అదే జాగ్రత్త. సాహసికుడు వెనక నిలబడ్డవాడు.

మనవాళ్ల చరిత్రలోనే దీనికి మంచి సాక్ష్యం ఉంది. 1987 డేవిస్ కప్, దేశాల జట్లు తలపడే పోటీ. ఢిల్లీ గడ్డి మీద అర్జెంటీనా వచ్చింది. అవతల మార్టిన్ హైటే, మట్టి కోర్టుల మీద పెరిగిన ఆటగాడు. ఇవతల విజయ్ అమృత్‌రాజ్, అప్పటికి 33 ఏళ్లు. ఓటమి అంచు దాకా వెళ్లి, మ్యాచ్ పాయింటు కాచుకుని, ఐదు సెట్లలో గెలిచాడు. అదే ఏడాది సెమీఫైనల్లో సిడ్నీ గడ్డి మీద ఆస్ట్రేలియానే ఓడించాం. రమేశ్ కృష్ణన్ ఆడిన తీరు చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఫైనల్ స్వీడన్‌లో. వాళ్లు హాలులో మట్టి కోర్టు వేశారు. 5-0తో ఓడాం. అదే జట్టు, అవే చేతులు. మారింది కాళ్ల కింది నేల ఒక్కటే.

ఇక్కడ ఎవరైనా అడ్డు తగలవచ్చు. పారిస్‌లో ఫ్రెంచ్ ఓపెన్ మట్టి కోర్టు మీద కూడా బంతి అప్పుడప్పుడు అడ్డంగా పోతుంది కదా, మరి అక్కడ నెట్‌కు వచ్చేవాళ్లు ఎందుకు గెలవలేదు? నిజమే. 1984లో మెకెన్రో రెండు సెట్లు గెలిచి కూడా లెండిల్ చేతిలో ఓడాడు. 1989లో ఎడ్బర్గ్ రెండు సెట్లకు ఒకటి ముందుండి పదిహేడేళ్ల చాంగ్ చేతిలో ఓడాడు. బెకర్, సాంప్రాస్‌లకు ఆ కప్పు దక్కనే లేదు. ఈ ప్రశ్న నన్ను చాలాకాలం తిప్పలు పెట్టింది. నాకు దొరికిన జవాబు ఇది: ఇటుక పొడి పరిచిన ఆ కోర్టు మోసం చేసినా నెమ్మదిగా చేస్తుంది. బంతి పడ్డాక ఆగినట్టై పైకి లేస్తుంది. తప్పుగా లేచినా సర్దుకునే వ్యవధి ఇస్తుంది. పాత గడ్డీ, మా మొరమూ అలా కాదు. తక్కువ ఎత్తులో, వేగంగా, చెప్పకుండా మోసం చేస్తాయి. నమ్మకద్రోహంలోనూ రకాలున్నాయి.

కాబట్టి నా లెక్క ప్రకారం ఈ ఆటను చంపింది ఒక గడ్డి విత్తనం కాదు. నేల మంచిదైపోవడం. ఇప్పుడు ఆటగాళ్లు ఏడాదిలో ఎక్కువ నెలలు ఆడేది సిమెంటు, తారు మీద రంగు పూత పూసిన గట్టి కోర్టుల మీద. మెల్‌బోర్న్‌లోనైనా దుబాయ్‌లోనైనా బంతి పడ్డచోట పడ్డట్టే లేస్తుంది. వేల బంతులు కొడితే వేలూ ఒకే ఎత్తుకు వస్తాయి. అంత నమ్మకస్తుడైన నేల దొరికాక, దాని చేతికి బంతి ఇవ్వకుండా లాక్కోవడానికి పరుగెత్తేవాడు అమాయకుడే. చివరికి గడ్డిని కూడా ఆ దారికే తెచ్చారు. అది కారణం కాదు, ఆఖరి ఊరు కూడా లొంగిపోవడం.

దీనికి గట్టింగ్ తోడైంది. ఒకప్పుడు రాకెట్‌కు బిగించేది పేగు తీగ, లేకపోతే నైలాన్. తొంభైలలో పాలిస్టర్ తీగ వాడకంలోకి వచ్చింది. 1997లో పారిస్‌లో కుయెర్టెన్ దానితోనే గెలిచాడు. అప్పటికి అతను 66వ ర్యాంకు ఆటగాడు. ఈ తీగ నున్నగా, బిరుసుగా ఉంటుంది. బంతి తగిలినప్పుడు పక్కకు జరిగి, వెంటనే చోటుకు తిరిగి వస్తుంది. ఆ తిరిగి రావడంలో బంతికి విపరీతమైన తిప్పుడు వస్తుంది. బలమంతా పెట్టి కొట్టినా బంతి నెట్ దాటగానే గద్దలా కిందికి దిగుతుంది. నెట్ దగ్గర ఉన్నవాడికి ఛాతీ ఎత్తులో రావలసిన బంతి చీలమండల దగ్గరకు వస్తుంది. దాన్ని వంగి ఎత్తడమే తప్ప కొట్టడం కుదరదు. ఎత్తిన బంతిని అవతలివాడు తీరిగ్గా ముగిస్తాడు. నేల మంచిదయ్యాక ముందుకు వచ్చే అవసరం పోయింది. తీగ మారాక ముందుకు రావడం శిక్ష అయింది.

మూడోది మా ఇంట్లోనే చూశాను. మా అక్క కొడుకు పన్నెండేళ్లలోపు పోటీల్లో ఆడేటప్పుడు హైదరాబాద్ తీసుకెళ్లేవాణ్ని. ఓవర్సీర్ గారి పిచ్చి నాకు అంటింది కాబట్టి వాడికి కాస్త వాలీ నేర్పాను. మొదటి మ్యాచ్‌లో నాలుగడుగుల ఎత్తున్న వాడు నెట్ దగ్గర నిలబడితే అవతలి పిల్లవాడు తల మీదుగా చందమామ బంతులు ఎత్తాడు. 6-1, 6-0. బయటికి వచ్చి కోచ్ వాడితో ఒకే మాట అన్నాడు: "ముందుకు పోకు." ఆయన తప్పేమీ లేదు. పదకొండేళ్ల పిల్లవాడు ఈ ఆదివారం గెలవాలంటే వెనక ఉండటమే దారి. నెట్ ఆట ఆరేళ్లు ఓడితే కానీ చేతికి రాదు, ఎత్తు పెరిగితే కానీ పని చేయదు. సాంప్రాస్‌కు పద్నాలుగేళ్లప్పుడు అతని కోచ్ రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్ మాన్పించి ఒంటి చేతికి మార్పించాడు, ఎప్పటికైనా వింబుల్డన్ గెలవాలని. ఆ తర్వాత కొంతకాలం ఆ కుర్రాడు చిన్న పోటీల్లో వరసగా ఓడాడు. ఇవాళ ర్యాంకుల పట్టిక ఫోనులో ప్రతి వారం చూసుకునే తల్లిదండ్రుల్లో ఎంతమంది దానికి ఒప్పుకుంటారు? నేనే ఒప్పుకోలేదు. తిరుగు బస్సు దిల్‌సుఖ్‌నగర్ దాటేలోపే వాడితో "వచ్చేసారి వెనకే ఆడు నాన్నా" అన్నాను.

ఆట పూర్తిగా పోలేదని చెప్పేవాళ్లు 2023 అమెరికా ఓపెన్ ఫైనల్ చూపిస్తారు. మెద్వెదెవ్ సర్వ్ అందుకోవడానికి గోడకు వీపు ఆనించినంత వెనక నిలబడతాడు. జొకోవిచ్ ఆ రోజు 22 సార్లు సర్వ్ వెంటే ముందుకు వచ్చి 20 పాయింట్లు గెలిచాడు. అంతకుముందు 2017 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మిషా జ్వెరెవ్ ఇదే పాత ఆటతో మొదటి ర్యాంకులో ఉన్న ఆండీ మరేను ఇంటికి పంపాడు. నాకు ఇవి రెండూ ఇష్టమైన మ్యాచ్‌లే. కానీ జొకోవిచ్ చేసింది ఎదురుగా తలుపు తెరిచి ఉంటే లోపలికి పోవడం. తాళం వేసిన తలుపులోంచి కూడా రోజూ పోవలసిందే అనుకున్నవాడి ఆట వేరు. మొదటిదాన్ని ఎవరైనా వాడుకుంటారు. రెండోదాన్ని పట్టుకుని బతకాలి. ఈ రోజుల్లో అలా పట్టుకున్న మాక్సిమ్ క్రెస్సీ రెండో సర్వ్ మీద కూడా ముందుకే పరుగెత్తాడు, 2022లో న్యూపోర్ట్‌లో టైటిల్ కూడా గెలిచాడు. న్యూపోర్ట్‌లో ఆట దేని మీదో ఊహించగలరా? గడ్డి మీదే.

అందరూ బేస్‌లైన్ ఆటను తిడుతుంటే నాకు ఒక్కోసారి చిరాకు వేస్తుంది. తొంభైలలో మనమే సర్వ్ అండ్ వాలీని తిట్టాం. 1994 ఫైనల్లో సాంప్రాస్, ఇవానిసెవిచ్ ఆడింది చూసి ఇదేం ఆట, సర్వ్ తప్ప ఏమీ లేదు అని గొణుక్కున్నాం. మూడు దెబ్బలకే పాయింటు అయిపోతోందని విసుక్కున్నవాళ్లే ఇప్పుడు ముప్పై దెబ్బలు కొడుతున్నారని విసుక్కుంటున్నారు. నేనూ అందులో ఒకణ్ని. నాకు పోయిందనిపించేది వాలీ కాదు, ఎదురుపడటం. ఒకడు వెనక, ఒకడు ముందు. ఒకడు నేలను నమ్మినవాడు, ఒకడు నమ్మనివాడు. అగస్సీకి ఎదురుగా సాంప్రాస్ ఉంటే ఆ తగాదా కళ్ల ముందు జరిగేది. ఇప్పుడు ఇద్దరూ ఒకే వైపు వాదిస్తున్నారు, ఎంత గొప్పగా వాదించినా.

ఓవర్సీర్ గారు పోయి చాలా ఏళ్లయింది. మేం ఆడిన మొరం కోర్టు మీద కూడా సిమెంటు పోసి నీలం రంగు సింథటిక్ పూత వేశారు. ఇనుప రోలర్ ప్రహరీ పక్కన తుమ్మచెట్టు కింద సగం మట్టిలో కూరుకుని ఉంది, ఎవరూ లాగలేక వదిలేశారు. ఇప్పటి మార్కర్ అప్పటి మార్కర్ కొడుకే. సున్నం, తాడు ఎక్కడున్నాయో అతనికి తెలియదు, అవసరమూ లేదు.

మొన్న వానాకాలం తర్వాత వెళ్లాను. కింది నుంచి తేమ ఎక్కి, ఒక వైపు సర్వీస్ గీతకు జానెడు వెనక పూత అప్పడంలా ఉబ్బింది. పళ్లెమంత ఉబ్బు. దాని మీద పడ్డ బంతి లేవడం లేదు, చెప్పకుండా పక్కకు జారుతోంది. కాంట్రాక్టరు వచ్చి చూసిపోయాడట, ఎండలు ముదిరాక చేస్తాడట. పిల్లలు నలుగురు అక్కడే ఆడుతున్నారు. అందులో ఒక అమ్మాయికి పదేళ్లుంటాయి, రెండు జడలు. రెండు మూడుసార్లు ఆ ఉబ్బు మీద బంతి పోగొట్టుకుని, మూతి ముడిచి, నాలుగోసారి బంతి అటు వస్తుండగానే చిన్నచిన్న అడుగులతో ముందుకు వచ్చి, దాని ముందు ఆగింది. టప్పా పడనివ్వలేదు. రాకెట్ అడ్డం పెట్టింది. బంతి నెట్ దాటి మెత్తగా పడింది.

"ముందుకెందుకు వస్తున్నావు, వెనక్కి పో" అని మార్కర్ అరిచాడు.

"అక్కడ సరిగ్గా లేవట్లేదన్నా" అంది ఆ పిల్ల, అక్కడే నిలబడి.